ఎర్రదారం కట్టిన కాయ

నా ఒక్కగానొక్క వదినకు,

చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, మూడోసారి నిమ్మతొక్కతో రుద్దుకుని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. అయినా కాగితానికి వాసన వస్తే తప్పు నాది కాదు, మీ తమ్ముడిది. నెల రోజులుగా ఈ ఇంట్లో కుళ్ళు వాసన లేని చోటు లేదు. తువ్వాలుకి ఉంది, తలగడకి ఉంది, ముందు గదిలో ఆయన బాగుచేసి పెట్టిన గడియారాలకి కూడా పట్టిందేమోనని నా అనుమానం.

ఆకులు రాలే కాలం ఎంత అందంగా ఉంటుందో అనేవాళ్ళని ఒక్కొక్కళ్ళనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా పెరట్లో ఒక పూట నిలబెట్టాలని ఉంది. ఆకులు రాలితే రాలనీ, అది వాటి పని. కానీ వాటి కింద ఏముందో ఎవరూ చెప్పరేం? పొద్దున చీపురు పెట్టి లాగితే కింద గుల్లలేని నత్తలు, వేలెడంత లావున, ఒకదాని మీద ఒకటి. చేతికి అంటుకున్న జిగురు కడిగితే పోదు. టమాటా మొక్కలకి తెగులొచ్చి కాడలు నల్లబడ్డాయి. ఊతకర్రల నుంచి విప్పుతుంటే ముట్టుకున్నచోటల్లా చిదికిపోయి మోచేతుల దాకా కారుతోంది. బంగాళాదుంపలు తవ్వుతుంటే పార వెళ్ళి కుళ్ళిన దుంపలో దిగింది. వదినా, ఆ వాసన ముందు చచ్చిన ఎలుక అత్తరు లెక్క. రెండు అడుగులు వెనక్కి వేసి కంచె పట్టుకుని నిలబడ్డాను. మీ తమ్ముడు తల కూడా ఎత్తకుండా, "పక్క దుంపలకి అంటకుండా చూడు" అన్నారు. నా సంగతి కాదు, పక్క దుంపల సంగతి.

పని కష్టమని కాదు నా ఏడుపు. మంచు పడకముందే అన్నీ కోసి, ఆరబెట్టి, పాదులు పీకి, ఎరువు గుంటలో వేసి, మళ్ళు తిరగేసి ఆకులు కప్పాలి. పెరడున్న వాళ్ళందరికీ ఉన్న పనే. ఎడమ పక్కింటావిడా చేస్తుంది, కుడి పక్కింటాయనా చేస్తాడు. వాళ్ళిద్దరూ సాయంత్రానికి బుట్టనిండా నిగనిగలాడే కాయలు ఇంట్లోకి తీసుకెళ్తారు. నేను తీసుకెళ్ళే బుట్టలో ఏముంటుందో మీకు తెలియంది కాదు, మీరూ ఆ ఇంట పుట్టినవారే. అయినా చెప్పుకోకపోతే నా కడుపుబ్బరం తగ్గదు.

మీ నాన్నగారు పెట్టిన ఆచారం మీ తమ్ముడు ఇప్పటికీ నెత్తిన పెట్టుకుని మోస్తున్నారు. ఏ పాదులో ఏ కాయ అన్నిటికన్నా బాగుంటే దాని తొడిమకి ఎర్రదారం. దారం పడిందంటే ఇక అది విత్తనానికి, మనిషి ముట్టడానికి లేదు. ఒకటీ రెండూ అయితే నేనెందుకు నోరెత్తుతాను? టమాటాల్లో పాతిక. చిక్కుడు అయితే ఒక పందిరి మొత్తం. గుమ్మడికాయలు ఐదు కాస్తే నాలుగింటికి దారం. అవి ముదిరి, పగిలి, ఈగలు ముసిరేదాకా పాదుకే ఉంటాయి. పురుగు తొలిచినవీ, ఎండకి బీటలు తీసినవీ, నత్తలు నాకినవీ వంటింటికి. వాటిలో కుళ్ళు కోసి పారేసి మిగిలింది వండుకోవాలి. నేను కాపురానికి వచ్చిన మొదటి వారం అత్తయ్య నాకు నేర్పిన వంట అదే. కత్తి మొన ఇలా పెట్టి, గుండ్రంగా ఇలా తిప్పితే కుళ్ళు ఒక్క ముక్కగా ఊడొస్తుందని చూపించారు. ఎంత నేర్పుగా చూపించారంటే, అది గొప్ప విద్య అనుకుని మురిసిపోయాను.

ఇప్పుడు నా వంటింటి కిటికీ మీద తొమ్మిది గాజు సీసాలున్నాయి. దారం కట్టిన టమాటాల గుజ్జు తీసి, నీళ్ళు పోసి, గింజకున్న జిగురు పోవడానికని మూడు రోజులు పులియబెడతారు. పైన తెల్లగా బూజు మీగడలా కడుతుంది. చిన్నీగలు మేఘంలా లేస్తాయి. నేను పొయ్యి దగ్గర నిలబడి కూర కలుపుతుంటే అవి మూకుడులో పడతాయి. మీ తమ్ముడు గడియారాలు చూసే కంటి అద్దం పెట్టుకుని, పట్టకారుతో ఒక్కో గింజా ఏరి కాగితం మీద వరస పేరుస్తారు. పిల్లలు లేని ఇల్లు మాది. మనుషుల వంశం ఆగినా ఫరవాలేదు, గుమ్మడి వంశం మాత్రం ఆగకూడదట.

అసలు సంగతికి వస్తాను. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆయనకి పెట్టేసి నేను కూర్చున్నాను. ఎప్పటిలాగే మంచి ముక్కలు ఆయన కంచంలోకి, మెత్తబడ్డవి నా కంచంలోకి. రెండో ముద్దలో ఏదో పంటికి మెత్తగా తగిలింది. తీసి చూస్తే సగం పురుగు. మిగతా సగం ఎక్కడుందో ఆలోచించండి. పెరటి గుమ్మంలోకి పరిగెత్తి, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఆయన వెనకాలే వచ్చి వీపు రాశారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. రాస్తూ రాస్తూ, "పురుగుందంటే మందులు లేని కాయని అర్థం, ఒంటికేం కాదు" అన్నారు. ఎదురుగా పాదు మీద ఎర్రదారాలు గాలికి ఊగుతున్నాయి. ఆ క్షణంలో నాకు పురుగు మీద రోత పోయి ఆయన మీద పుట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో కోపం చాలాసార్లు వచ్చింది. రోత రావడం మాత్రం ఇదే మొదలు.

నాతోపాటు కుట్టుపని నేర్చుకున్న కత్తెరమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. పట్నంలో దుకాణం పెట్టుకుంది. బట్ట కత్తిరించే మనిషి మానేసిందట, నువ్వొచ్చి ఆ బల్ల చూసుకో, పైన గది ఉంది, నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పు అని కబురు పెట్టింది. నేను వెళ్తున్నాను వదినా. పెరటి పని సగంలో వదిలేసి పోయే మనిషిని కాదు కాబట్టి, ఆఖరి మడి తిరగేసి వెళ్తాను. ఆయనకి ఇంకా చెప్పలేదు. ముందు మీకు చెబుతున్నాను, ఎందుకంటే నన్ను తప్పు పట్టగలిగిన మనిషి ఈ లోకంలో మీరొక్కరే. పట్టేదుంటే తొందరగా పట్టండి.

మూడుసార్లు పుక్కిలించినా నోరు బాగుపడని,
మీ మరదలు

*

వదినా,

మీ జవాబు రాకముందే ఇది రాస్తున్నాను, ఆగలేక.

ఈ వారం పెరటి కొట్టు ఖాళీ చేశాను. పారలు కడిగి నూనె రాసి లోపల పెట్టాలి, కుండీలు బోర్లించాలి, ఊతకర్రలు కట్ట కట్టాలి. ఏటా ఆ పని ఆయనదే, కొట్టు తాళం చెవి ఆయన దగ్గరే ఉంటుంది. ఈసారి నడుం పట్టేసిందని మంచం మీదున్నారు కనక చెవి నా చేతికొచ్చింది. వెనక గోడకి అడుగునుంచి పైదాకా అలమర. అలమర నిండా సీసాలు. ప్రతి సీసా మీద ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ: ఏ కాయ, ఏ పాదు, ఏ ఏడు.

ఒక మూత తిప్పాను. లోపల పచ్చటి బూజు, ముద్దగా. ఇంకోటి తీస్తే చిక్కుడు గింజలన్నిటికీ గుండ్రటి కన్నాలు, అడుగున పిండి, ఆ పిండిలో కదులుతున్న పెంకిపురుగులు. మూడో సీసా మూత ఎలుక కొరికేసింది. సగందాకా గింజలు, సగందాకా దాని పెంట. ఇంకో దాంట్లో ఒక ఎలుకపిల్ల ఎండిపోయి ఉంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని మొత్తం దింపాను. రెండు వందల ముప్ఫై సీసాలు. మా పెళ్ళైన ఏడు నుంచి నిరుటి దాకా. నేను కాపురానికి వచ్చిన సంవత్సరం తీసిన టమాటా గింజలు చేతిలో పోసుకుంటే బూడిదలా వేళ్ళ సందుల్లోంచి రాలిపోయాయి.

చేతికందిన సీసాలు గంపకెత్తి తెచ్చి ఆయన మంచం పక్కన పెట్టాను.

"ఏంటివి?" అన్నాను.

"ఎందుకు కదిపావు? చీటీలు కలిసిపోతాయి," అన్నారు.

"ఒక గుమ్మడికాయలో ఎన్ని గింజలుంటాయి?"

"మూడొందలు. నాలుగొందలు కూడా ఉంటాయి."

"ఏటా మీరు వేసేది ఎన్ని?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకు తెలుసు, నేనే గుంటలు తీస్తాను కదా. ఆరు. ఆరు గింజలు వేస్తే నాలుగు పాదులు లేస్తాయి.

"ఆరు గింజలకి నాలుగు కాయలు దాచారా? టమాటా మొక్కలు నలభై పెడతాం. ఒక్క కాయ గింజలు సరిపోయి మిగిలిపోతాయి. పాతికెందుకండీ?"

"ఒకటి పోతే ఇంకోటి ఉండాలి కదా. ఎప్పుడు ఏ తెగులొస్తుందో! జాతి నిలవాలంటే జాగ్రత్త పడాలి. నీకు తెలియదులే."

నీకు తెలియదులే! వదినా, నా ఒళ్ళు మండిపోయింది. ఒక్క కాయ చాలని నాకు తెలియలేదు, నిజమే. ఇన్నేళ్ళూ విత్తనమంటే అన్ని కాయలు కావాలేమో, అది పెద్దల శాస్త్రమేమో, గడియారాల లోపలి చక్రాల్లాగా నాలాంటిదానికి అర్థం కానిదేమో అనుకున్నాను. చూడబోతే శాస్త్రమూ లేదు గీస్త్రమూ లేదు. మంచి కాయలన్నీ పురుగులకీ ఎలుకలకీ పెట్టి, వాటి ఎంగిలి నాకు పెట్టారు. ఆ మాటే అనేశాను. ఆయన మొహం తెల్లబోయింది. "నీకు పెట్టడమేంటి? నేనూ అదే కదా తింటున్నాను," అన్నారు. గంప ఎత్తుకుని పెరట్లోకి నడిచాను.

సీసాలు ఎరువు గుంట దగ్గర ఒక్కొక్కటే బోర్లించాను. ఆయన నడుం పట్టుకుని కిటికీ దాకా వచ్చి చూస్తూ నిలబడ్డారు, ఆపలేదు. కత్తెరమ్మకి వస్తున్నానని రాసేశాను. ఆయనకీ చెప్పేశాను. "ఎన్నాళ్ళకి?" అన్నారు. తెలియదన్నాను. "చిక్కుడు పందిరి ఎవరు విప్పుతారు మరి?" అన్నారు. చూశారా, మనిషి లోపల ఏం తిరుగుతుందో!

పందిరి నేనే విప్పి వెళ్తాను. మీకు మాత్రం ఒక్కటే మనవి. నన్ను ఆగమని రాయకండి. రాస్తే ఆగిపోతానేమోనని భయంగా ఉంది.

కొట్టు కడిగినా మనసు కడుక్కోలేకపోయిన,
మీ మరదలు

*

మా ఇంటికొచ్చి ఇన్నేళ్ళూ నోరు మూసుకున్న అమ్మాయికి,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, అక్షరాలు వంకరపోతే సర్దుకో. ఆగమని నేను రాయను. ఆగమనే నోరు నాకు లేదు. ఎందుకు లేదో చెప్పాలనే ఈ ఉత్తరం. యాభై నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, మీ అన్నయ్యగారితో కూడా అనలేదు.

నాకప్పుడు పద్నాలుగు, నీ మొగుడికి ఆరు. నాన్నని పోస్టాఫీసు వాళ్ళు మూడు వారాలు వేరే ఊరు పంపారు. ఆ ఏడు వానలు పాడు చేశాయి, పెరట్లో ఏమీ మిగల్లేదు. ఇంట్లో డబ్బాలన్నీ అడుగంటాయి. అటక మీద మాత్రం ఒకే ఒక్క గుమ్మడికాయ, ఎర్రదారంతో. మా తాతకి ఆయన తాత ఇచ్చిన విత్తనమని నాన్న వీధిలో పదిమందికి చెప్పుకునే కాయ. ఆ కాయ తప్ప ఆ ఏడు ఇంకో విత్తనం లేదు.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మ దాన్ని కిందికి దింపింది. నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూశాను. కత్తి దించితే లోపల పసుపురంగు మెరిసిపోయింది, ఒక్క మచ్చ లేదు. అమ్మ దాన్ని పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. కుళ్ళు తీయాల్సిన పని లేని కాయ కోయడం తనకదే మొదటిసారని తర్వాత చెప్పింది. ఉప్పు వేసి ఉడకబెట్టి, గిన్నె మధ్యలో పెట్టుకుని ఇద్దరం కడుపునిండా తిన్నాం. చిన్నాడు లోపల నిద్రపోతున్నాడు. గింజలు కూడా వేయించుకుని తినేశాం. అదీ మేం చేసిన తప్పు. ఆకలి మీద ఆ ధ్యాసే లేకపోయింది.

తర్వాత అమ్మకి నాన్న గుర్తొచ్చాడు. మూడు రోజులు సంతంతా తిరిగి, దాదాపు అలాంటిదే ఒక కాయ తెచ్చింది. పాత తొడిమకున్న దారం విప్పి దీనికి కట్టింది. నాన్న తిరిగొచ్చి, అటక మీంచి దింపి, వేలితో టకటక కొట్టి, "జాతంటే ఇదీ!" అన్నాడు. మరుసటి ఏడు కాయలు కాస్త కోలగా, చారలు కాస్త పచ్చగా వచ్చాయి. అమ్మ గుండె గుప్పెట్లో పెట్టుకుంది. నాన్న చూసి, "మా తాత చెప్పిన అసలు రూపం ఇన్నాళ్ళకి తేలింది" అని వీధంతా పిలిచి చూపించాడు. నవ్వొస్తోందా? మాకు అప్పుడు నవ్వు రాలేదు.

నువ్వు తవ్వి, నీళ్ళు పోసి, తొడిమలు తడిమి చూసుకున్న నా తమ్ముడి తాతలనాటి గుమ్మడి, సంతలో ఎవడో బండివాడి గుమ్మడి. ఇంకో మాట. ఆ ఒక్కరోజు మంచి కాయ తిన్న అమ్మ, ఆ తర్వాత ఎప్పుడూ తినలేదు. తప్పు చేశానని, కుళ్ళు కోసి మిగిలిందే తన వాటాగా పెట్టుకుంది. ఆ విద్యే నీకు నేర్పింది. నేను పెళ్ళి చేసుకుని బయటపడ్డాను. నువ్వు ఆ ఇంట్లోకి వస్తున్నప్పుడే ఈ మాట నీ చెవిన వేయాల్సింది. వేయలేదు. నీ ఉత్తరంలో పురుగు సంగతి చదివినప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇది నీ చేతిలో పెడుతున్నాను. వాడి మొహాన కొడతావో, మింగేస్తావో నీ ఇష్టం.

నీ క్షమాపణ అడగడానికి సిగ్గుపడుతున్న,
వదిన

*

వదినా,

ఇది కత్తెరమ్మ దుకాణం మీది గదిలోంచి రాస్తున్నాను. వచ్చి పది రోజులైంది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా తారురోడ్డు, చాకలి దుకాణం, ఒక బస్సు స్టాపు. కనుచూపు మేర ఒక్క మొక్క లేదు. ప్రాణానికి హాయిగా ఉంది.

మీ ఉత్తరం చదివాక మొదట నవ్వాను. పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాత మడిచి బొడ్లో దోపుకుని పెరట్లోకి నడిచాను, మొహాన కొట్టడానికే. ఆయన నడుం కాస్త సర్దుకుని, ఎండలో మెట్ల మీద గుమ్మడికాయలు తిరగేస్తున్నారు, తోలు గట్టిపడడానికి. "ఇది మీ తాతది కాదు, సంతలోది. మీ అమ్మ అసలు కాయ తినేసింది," అన్నాను. మెత్తగా చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. దెబ్బ తగలాలనే అన్నాను.

ఆయన కాయ కింద పెట్టి, "అక్క రాసిందా?" అన్నారు.

వదినా, ఆయనకి తెలుసు. మొదటినుంచీ తెలుసు. ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోలేదట. తలుపు చాటున నిలబడితే మీ అమ్మగారు చూసి, మీరు చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు ఒక ముక్క నోట్లో పెట్టి, నాన్నకి చెప్పకు అన్నారట. మీకు కూడా చెప్పలేదు. ఆరేళ్ళవాడు ఆ మాట యాభై నాలుగేళ్ళు నోట్లోనే పెట్టుకున్నాడు.

"మరి ఈ దారాలు, ఈ సీసాలు ఎందుకండీ?" అన్నాను.

"నాన్నకి అనుమానం వస్తే అమ్మ పనైపోయేది. కాస్త ఎదిగాక, నేనే విత్తనం చూసుకుంటానని పట్టుబట్టాను. ఏటా నాన్న కళ్ళకి పోలిక తేడా రాకుండా ఏరేవాణ్ణి. ఒకటి తేడా వచ్చినా ఇంకోటి చూపించాలి కదా, అందుకని ఎక్కువ దాచేవాణ్ణి. ప్రతి కాయకీ అలాగే చేస్తే దేని మీదా అనుమానం రాదని అన్నిటికీ కట్టాను."

"మావయ్యగారు పోయి ఇరవై ఆరేళ్ళయింది."

"అమ్మ ఉంది కదా."

"అత్తయ్య పోయి తొమ్మిదేళ్ళు."

మెట్ల మీది కాయని ఇంకోసారి తిరగేశారు. "చెయ్యి అలవాటు పడిపోయింది," అన్నారు చివరికి.

నా గుండె కరిగిందని రాస్తే మీరు సంతోషిస్తారు. కరిగింది కూడా, ఒక నిమిషం. ఆ వెంటనే ఇంకా ఎక్కువ రోత పుట్టింది. అమ్మని కొడుకు కాపాడాడు, నాన్న గొప్పని అమ్మ కాపాడింది, ఇద్దరి పరువూ అక్క కాపాడింది. ఎంత ప్రేమగల ఇల్లో! అంత ప్రేమలోంచీ రాలిన కుళ్ళు మాత్రం బయటినుంచి వచ్చిన నా కంచంలో పడింది. ఆ మాట మొహం మీదే అన్నాను.

"నువ్వవి తింటున్నావని నాకు తెలియదు," అన్నారు. "నా కంచంలో ఎప్పుడూ మంచి ముక్కలే ఉండేవి. అందరం అవే తింటున్నాం అనుకున్నాను."

"పురుగు కక్కిన రోజు నా వీపు రాశారు కదా?"

"ఆ ఒక్కరోజే అలా జరిగిందనుకున్నాను."

"చెడిపోయిన కాయల్లోంచి మంచి ముక్కలు మీ దాకా వచ్చాయంటే, మిగతా ముక్కలు ఎటు పోయాయనుకున్నారండీ?"

అడిగాక, ఆ ప్రశ్న నాకే తిరిగొచ్చింది. ఆ ముక్కలు నా కంచంలో వేసుకున్నది నేనే. ఒక్కనాడు కూడా, ఇదిగో ఇది తిని చూడండి అని ఆయన ముందుకు జరిపింది లేదు. వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని, వంచిన తల ఎత్తకుండా తిని, నేనెంత మంచిదాన్నో అని నాలో నేనే మురిసిన రోజులు ఉన్నాయి. అత్తయ్యది చేసిన తప్పుకి శిక్ష. నేను ఏ తప్పూ చేయకుండానే ఆ శిక్ష అందిపుచ్చుకున్నాను. ఇది రాస్తుంటే నా మీద నాకే చీదరగా ఉంది.

ఆయన లేచి లోపలికి వెళ్ళి కత్తి తెచ్చారు. నాలుగు కాయల్లో అన్నిటికన్నా పెద్దది ముందుకు లాక్కుని దారం తెంపారు. కోసి, మొదటి ముక్క నా చేతిలో పెట్టారు. ఉడికించి ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం.

"ఎలా ఉంది?" అన్నారు.

"గుమ్మడికాయలా ఉంది," అన్నాను.

ఇద్దరికీ నవ్వొచ్చింది. వచ్చే ఏడు నుంచి మంచివన్నీ మనమే తిందామన్నారు. సరేనన్నాను. మర్నాటి నుంచి నాలుగు రోజులు కలిసే పని చేశాం. చిక్కుడు పందిరి విప్పాం, పాదులు పీకి ఎరువు గుంటకెత్తాం, మళ్ళు తిరగేసి ఆకులు పరిచాం. ఐదో రోజు పొద్దున నేను సంచీ సర్దుకుంటుంటే ఆయన గుమ్మంలో నిలబడి, "ఇంకా వెళ్తున్నావా?" అన్నారు, ఆశ్చర్యంగా. ఒక్క కాయ కోసి పెడితే ఇరవై ఎనిమిదేళ్ళు తీరిపోతాయని ఆయన నిజంగానే అనుకున్నారు వదినా. మంచి మనిషే. అందుకే ఇంతకాలం పట్టింది నాకు.

బస్సు దాకా సంచీ మోసుకొచ్చారు. ఏమీ అడగలేదు. నేనూ ఏమీ ఒప్పుకోలేదు. ఉత్తరం రాస్తానన్నాను, రాస్తాను. తిరిగి వెళ్తానో లేదో మీరు అడగకండి. ఎవరి కోసమూ వెళ్ళను, నాకు వెళ్ళాలనిపిస్తే వెళ్తాను. అది ఎలా అనిపిస్తుందో కూడా నాకు తెలియదు, ఎప్పుడూ అనిపించలేదు కనక.

ఇక్కడ పని బాగుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బల్ల ముందు నిలబడి బట్ట కత్తిరిస్తాను. గుడ్డ పొడిగా ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది, కొత్త వాసన వస్తుంది. కత్తెరమ్మ బాగా వాగుతుంది, నాకు అదీ కావాలి. మొదటి మూడు రోజులు తనే వండి పెట్టింది. నాలుగో రోజు, నా వంట నేనే చేసుకుంటానని వీధి చివర కూరగాయల బండి దగ్గరికి వెళ్ళాను.

నేను ఇంతవరకూ కూరగాయలు కొని ఎరగను వదినా. బుట్ట చేతికి తీసుకుని టమాటాలు ఏరుతున్నాను, దుకాణంలో జరిగిన ఏదో మాట తలుచుకుంటూ. బండి ఆవిడ నా బుట్టలోకి తొంగి చూసి, "అమ్మా, మీ ఇంట్లో కోళ్ళున్నాయా?" అంది.

"లేవే, ఎందుకు?"

"అన్నీ చితికినవే ఏరుతున్నారు మరి. మంచివి ఈ పక్క ఉన్నాయి కదమ్మా, కనబడలేదా?"

బుట్టలోకి చూసుకున్నాను. పగిలినవీ, మెత్తబడ్డవీ, మచ్చ పడ్డవీ. ఒక్కటి తప్పకుండా అన్నీ అవే. నా చెయ్యి దానంతటదే వాటినే వెతికి పట్టుకుంది. పక్కనే ఎర్రగా, గట్టిగా, కొండలా పోసి ఉన్నాయి.

"కనబడ్డాయమ్మా," అన్నాను. "అవి ఎవరికో అనుకున్నాను."

మీ,
మరదలు